బీడీ, సిగరెట్ పొగ గదుల్లో నిలవకుండా: సీమ ఇళ్లకు, అంగళ్లకు పనికొచ్చే పద్ధతులు

పది అడుగులకు పన్నెండు అడుగుల గది, కప్పు ఎత్తు పది అడుగులు. కర్నూలు, కడప, అనంతపురాల్లో మామూలు పడకగది ఇంచుమించు ఇంతే ఉంటుంది. ఇందులో పట్టే గాలి సుమారు 34 ఘనపు మీటర్లు. తలుపులు, కిటికీలు మూసుకొని ఒక్క సిగరెట్ కాలిస్తే 10 నుంచి 14 మిల్లీగ్రాముల సన్నటి కణాలు ఆ గాలిలో కలుస్తాయి. అంటే ఘనపు మీటరుకు 300 నుంచి 400 మైక్రోగ్రాములు. పీఎం 2.5 అనే ఈ కణాలకు మన దేశం పెట్టుకున్న 24 గంటల సగటు హద్దు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 15.

మూసిన గదిలో గాలి తనంతట తాను ఒకసారి మారడానికి రెండు గంటలు పడుతుందనుకుందాం. ఒకసారి మారితే పొగ మూడో వంతుకు కొంచెం పైనే మిగులుతుంది. ఇరవయ్యో వంతుకు రావాలంటే మూడుసార్లు మారాలి. రాత్రి పదింటికి కాల్చిన సిగరెట్ తెల్లవారుజామున నాలుగు దాకా ఎంతో కొంత గదిలోనే ఉంటుందన్నమాట. మధ్యలో తగ్గిందంతా బయటికి పోయినట్టు కాదు. కొంత దిండ్లకు, దోమతెరకు, గోడలకు పట్టుకుంటుంది.

కాబట్టి ఈ పనిలో వరుస చాలా ముఖ్యం. మొదట, కాల్చడం బయటికి మారాలి. అది కుదరనిచోట ఆ ఒక్క గదిని మిగతా ఇంటినుంచి వేరు చేసి, పొగను బయటికి లాగాలి. ఫిల్టరు యంత్రాలు ఆ తర్వాత. గోడలు, బట్టల శుభ్రం ఆఖరున. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతుంది. ముందు గది స్ప్రే, తర్వాత సాంబ్రాణి, తర్వాత పదిహేను వేలు పోసి ఎయిర్ ప్యూరిఫయర్. స్ప్రే వాసనను కప్పుతుంది తప్ప పొగను తీయదు. సాంబ్రాణి, అగరువత్తి అవే సన్నటి కణాలను ఇంకా పెంచుతాయి. భవనాల గాలి మార్పిడికి ప్రమాణాలు రాసే అమెరికా ఇంజినీర్ల సంస్థ ఆష్రే కూడా, లోపల కాల్చడం ఆపడం ఒక్కటే ముప్పును పూర్తిగా తీసే మార్గమని తన వైఖరి పత్రంలో రాసింది. ఫ్యాన్ల గురించి అందరికంటే బాగా తెలిసినవాళ్లు చెప్పిన మాట అది.

బయట చోటు ఎలా చూడాలి

"కిటికీ దగ్గర నిలబడి బయటికే ఊదుతున్నా కదా" అనేది తరచూ వినే మాట. పీల్చి వదిలే పొగ కంటే, వేళ్ల మధ్య ఉన్న సిగరెట్ కొన నుంచి ఊరికే లేచే పొగ చాలా ఎక్కువ. గదిలో చేరే పొగలో సుమారు 85 శాతం అదే. ఊదింది బయటికి పోయినా, కొన పొగ లోపలికే వస్తుంది. బీడీతో ఇంకో చిక్కు ఉంది. అందులో పొగాకు తక్కువే, కానీ పొగలో తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కంటే ఎక్కువ. "బీడీయే కదా" అని లోపల వదిలేయకూడదు.

తాగే చోటు కిటికీలకు, తలుపులకు 20 నుంచి 25 అడుగుల దూరంలో ఉండాలి. వాకిట్లో వేపచెట్టు కిందో, పశువుల కొట్టం అవతలో చోటు చూడండి. గడ్డివామి, బుడ్డల (వేరుశనగ) కట్టె వేసిన చోటికి మాత్రం దూరంగా ఉండాలి. ఆదోని వైపు పత్తి ఇంటి ముందే పోసుకునే కాలంలో ఇది ఇంకా ముఖ్యం. ఒక పాత ఇనుప డబ్బాలో సగం ఇసుక పోసి అక్కడే పెట్టండి. పీకలు ఆర్పడానికి చోటు లేకపోతే మనిషి వాటిని గడప దగ్గరికే తెస్తాడు. లోపలున్న యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు అన్నీ ఆ డబ్బా పక్కకు చేర్చండి.

మిద్దె మీద తాగడం మంచి ఉపాయమే, మెట్ల తలుపు మూసి ఉంచితే. ఎండాకాలం రాత్రుళ్లు ఇంటిల్లిపాదీ మిద్దె మీదే పడుకుంటారు కాబట్టి, ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆ చోటు పనికిరాదు. పిల్లల పక్కలకు గాలి ఎటునుంచి వస్తుందో అటు కూర్చొని బీడీ వెలిగిస్తే ఆరుబయటైనా పొగ వాళ్ల ముఖానికే కొడుతుంది.

ఆఖరి దమ్ము లాగిన వెంటనే లోపలికి రాకూడదు. ఊపిరితిత్తుల్లో మిగిలిన పొగ తర్వాతి కొన్ని ఊపిర్లలో బయటికి వస్తుంది. ఐదు నుంచి పది నిమిషాలు బయటే ఉండి, చేతులు, ముఖం కడుక్కొని, పుక్కిలించి రావాలి. చంటిబిడ్డను ఎత్తుకునేవాళ్లు పైచొక్కా గానీ కండువా గానీ మార్చాలి. బయట కొక్కేనికి ఒక "బీడీ చొక్కా" తగిలించి పెట్టుకుంటే రోజూ గుర్తుచేయాల్సిన పని ఉండదు.

పెద్దవాళ్లకు చెప్పడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. "ఇంట్లో తాగొద్దు" అంటే అది జేజినాయనను ఇంట్లోంచి పొమ్మన్నట్టు వినిపిస్తుంది. ముందు బయట చోటు సిద్ధం చేసి, తర్వాత మాట ఎత్తండి. చేతులున్న కుర్చీ, నీడ, చెంబు నీళ్లు, రాత్రికి ఒక బల్బు, వానాకాలానికి పైన రేకు. మోకాళ్ల నొప్పులుంటే గడప దగ్గర పట్టుకోవడానికి కడ్డీ. కోడలు మామతో, "మామా, పాపకు రాత్రుళ్లు దగ్గు తగ్గడంల్యా. చెట్టుకింద మీ కుర్చీ వేయించినాం, బీడీ, అగ్గిపెట్టె కూడా ఆడనే పెట్టినాం" అంటే అందులో నింద లేదు, కారణం ఉంది. ఆ కారణం నిజమైనదే. పక్కవాళ్ల పొగ పీల్చే పిల్లల్లో ఉబ్బసం ముదురుతుంది, చెవి ఇన్ఫెక్షన్లు, ఊపిరితిత్తుల జబ్బులు ఎక్కువ. తాగని పెద్దల్లో గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం పెరుగుతుందని అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదిక తేల్చింది.

మంచం దిగలేని మనిషి ఉంటే

ఇక్కడే ఫ్యాను లెక్క అవసరమవుతుంది. ఇంట్లో ఒక గదిని ఆ మనిషికి కేటాయించి, ఆ గదిలోకి గాలి ఎప్పుడూ ఇంట్లోంచి వచ్చేలా, అక్కడినుంచి బయటికే పోయేలా చేయాలి. ఆ గదినుంచి ఇంట్లోకి ఎప్పుడూ రాకూడదు.

గది 34 ఘనపు మీటర్లు ఉంటే గంటకు పది నుంచి పదిహేనుసార్లు గాలి మారాలి, అంటే గంటకు 340 నుంచి 510 ఘనపు మీటర్లు. ఎగ్జాస్ట్ ఫ్యాను డబ్బా మీద ఎయిర్ డెలివరీ అని రాసి ఉండే అంకె అడ్డేమీ లేనప్పటిది. జాలీ, రెక్కల మూత, ఎదురుగాలి కలిస్తే అందులో సగం నుంచి మూడింట రెండొంతులే దక్కుతుంది. కాబట్టి డబ్బా మీద 700కు తగ్గనిది కొనండి. బాత్రూములకు పెట్టే ఆరంగుళాల ఫ్యాను ఇక్కడ చాలదు. ఎనిమిది, తొమ్మిది అంగుళాలవి చూడండి, కానీ అంగుళాలను కాదు, అంకెను చూసి కొనండి. అంకె సీఎఫ్ఎంలో, అంటే నిమిషానికి ఘనపు అడుగుల్లో ఉంటే 1.7తో గుణిస్తే గంటకు ఘనపు మీటర్లు వస్తాయి.

ఫ్యానును గోడకు పైన, కప్పుకు అడుగు లోపల బిగించాలి. వేడి పొగ పైకి చేరుతుంది కాబట్టి. పాత రాతి ఇళ్లలో గోడ అడుగున్నర మందం, లోపల మట్టి సున్నం. అందులో గుండ్రటి కన్నం కొట్టించబోతే పక్క రాళ్లు కదులుతాయి. దానికంటే కిటికీ పైనున్న వెంటిలేటర్ అద్దం తీసి, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకను కొలతకు కోయించి, అందులో ఫ్యానును బోల్టులతో బిగించడం తేలిక. పలక చుట్టూ సందులు పుట్టీతో మూయాలి. లేదంటే బయటికి తోసిన పొగ ఆ సందుల్లోంచే తిరిగి వస్తుంది.

ఏ గోడకు అన్నది మన ప్రాంతంలో తప్పక ఆలోచించాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమర, నైరుతి నుంచి ఎడతెగకుండా వీస్తుంది. అనంతపురం వైపు గాలిమరలు పెట్టింది ఈ గాలిని చూసే. ఇంటి ఫ్యానుకు ఆ గాలికి ఎదురుతోసే బలం ఉండదు. పడమటి గోడకు పెట్టిన ఎగ్జాస్ట్ ఆషాఢంలో రెక్కలు తిరుగుతూనే ఉంటుంది, పొగ మాత్రం లోపలికి వస్తుంది. తూర్పు గోడ గానీ ఉత్తరపు గోడ గానీ మేలు.

ఫ్యాను ఎంత లాగుతుందో అంత గాలి లోపలికి రావడానికి దారి ఉండాలి. ఈ గదికి ఆ దారి తలుపు కింద సందు. మూడడుగుల తలుపుకు కింద రెండు అంగుళాలు కోయించండి. మామూలు అరంగుళం సందు చాలదు, ఫ్యాను ఊపిరాడక ఊరికే హోరు పెడుతుంది. ఫ్యాను పక్కనే ఉన్న కిటికీ తెరిస్తే ఇంకో తప్పు. గాలి ఆ కిటికీలోంచి వచ్చి ఫ్యానులోంచి పోతుంది, మంచం దగ్గరి పొగ కదలదు. "ఫ్యాను పెట్టించినా లాభం లేదు" అనే ఇళ్లలో ఎక్కువసార్లు కనిపించే కారణం ఇదే. తలుపు మూసి, కిటికీలు మూసి, కింది సందు ఒక్కటే తెరిచి ఉంచాలి.

పరీక్షకు ఒక అగరువత్తి చాలు. తలుపు బయట, కింది సందు దగ్గర పట్టుకోండి. దాని పొగ గదిలోకి గుంజుకుపోవాలి. బయటికి తిరిగితే ఫ్యానును వెనకాముందుగా బిగించారు, లేదా ఎదురుగాలి ఉంది, లేదా ఎక్కడో కిటికీ తెరిచి ఉంది. ఫ్యాను లోపలి జాలీకి పేపరు ముక్క పెడితే అది అతుక్కొని నిలబడాలి, రాలిపోకూడదు. చివరి బీడీ తర్వాత అరగంట ఫ్యాను ఆపకూడదు. పక్షులు రాకుండా బయట అరంగుళం కళ్ల జాలీ వేయండి. దోమల జాలీ వేస్తే రెండు నెలల్లో దుమ్ము, తారు పట్టి సగానికి సగం మూసుకుపోతుంది. నెలకొకసారి రెక్కలు, మూత సబ్బునీళ్లతో తుడవాలి. జిగటకు మూత తెరుచుకోకపోవడం మామూలే.

ఒక ప్రమాదం చెప్పి తీరాలి. ఇంట్లో గ్యాస్ గీజరు గానీ కట్టెల పొయ్యి గానీ వెలుగుతుంటే, కిటికీలన్నీ మూసి బలమైన ఎగ్జాస్ట్ వేయకూడదు. అది గీజరు పొగను వెనక్కి లాగి కార్బన్ మోనాక్సైడ్‌ను ఇంట్లో నింపుతుంది. దానికి వాసన ఉండదు. ఆ సమయంలో వంటింటి కిటికీ తెరిచే ఉంచాలి.

మంచం మీద పడుకొని తాగనివ్వకండి, కూర్చోబెట్టండి. కునుకు పడితే పరుపు అంటుకుంటుంది. ఇలాంటి మనిషికి నికోటిన్ గమ్ ఉపయోగం చాలా ఉంది. రాత్రిపూట రెండు బీడీలకు బదులు గమ్ నమిలినా ఆ గది తేడా తెలుస్తుంది. 2 మిల్లీగ్రాములది మందుల షాపుల్లో దొరుకుతుంది. మామూలు చూయింగ్ గమ్‌లా నమలకూడదు. నాలుక చురుక్కుమనేదాకా మెల్లగా నమిలి, దవడకు చప్పరించకుండా ఆనించి పెట్టి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. ముందు పావుగంట టీ, కాఫీ, సోడా తాగితే నికోటిన్ ఒంటికి పట్టదు. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగే వాడాలి. పూర్తిగా మానాలనుకునేవాళ్లకు కేంద్రం నడిపే ఉచిత ఫోను 1800 11 2356.

కూలరు, ఏసీ, గవాచి

సీలింగ్ ఫ్యాను పొగను తగ్గించదు, గదంతా సమంగా పంచుతుంది. స్ప్లిట్ ఏసీ కూడా అంతే. అది బయటి గాలిని తీసుకోదు, గదిలో ఉన్నదాన్నే తిప్పి చల్లబరుస్తుంది. ఏసీ గదిలో కాలిస్తే తారు లోపలి కాయిల్‌కు పట్టి, నెలల తర్వాత కూడా స్విచ్ వేయగానే ఆ వాసన కొడుతుంది. పైనున్న జాలీ కడిగితే అది పోదు. మెకానిక్‌తో కాయిల్ కడిగించాలి.

కూలరు సంగతి వేరు. కిటికీకి బయట అమర్చిన కూలరు గంటకు వేల ఘనపు మీటర్ల బయటి గాలిని ఇంట్లోకి తోస్తుంది. సరిగా వాడితే పొగను కడిగేయడానికి ఇంతకంటే చవకైన సాధనం లేదు. ఎదురు కిటికీ పూర్తిగా తెరిచి, లోపలి గదుల తలుపులు మూసి పావుగంట నడపాలి. లోపలి తలుపులు తెరిచి ఉంటే అదే కూలరు ముందుగది పొగను పిల్లల గదిలోకి తోసేస్తుంది. గది మధ్యలో పెట్టుకున్న కూలరు బయటి గాలి తేదు కాబట్టి దాంతో ఈ పని జరగదు.

మే నెలలో కూలరు వెనక నీడలో కూర్చొని బీడీ తాగడం చాలా ఇళ్లలో అలవాటు. చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడికే చేరతారు. ఆ పొగనంతా కూలరు లాక్కొని ఇల్లంతా చిమ్ముతుంది. గడ్డి ప్యాడ్లు గానీ, తేనెపట్టు ప్యాడ్లు గానీ, వట్టివేళ్లు గానీ ఈ పొగను ఆపలేవు. పొగ కణం మైక్రానులో మూడో, నాలుగో వంతు ఉంటుంది. నీళ్లు పారే ప్యాడ్ పట్టేది దుమ్మును మాత్రమే. తాగే కుర్చీని కూలరు ఉన్న వైపు కాకుండా ఇంటికి అవతలి వైపు వేయండి.

పాత మట్టిమిద్దెల్లో గవాచి, అంటే గాలికి, వెలుతురుకు కప్పులో వదిలిన కన్నం ఉంటే అది మంచి పొగగొట్టం. రాత్రి, తెల్లవారుజామున బయటికంటే ఇల్లు వెచ్చగా ఉంటుంది. గవాచి మూత కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తి, వాకిలి తలుపు కొద్దిగా తెరిస్తే పొగ తానే పైకి పోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం ఇది తిరగబడుతుంది. మందపు గోడల ఇల్లు లోపల చల్లగా, బయట నలభై దాటి ఉన్నప్పుడు, లోపలి చల్లగాలి బరువుకు తలుపులోంచి బయటికి జారుతుంది, వేడిగాలి గవాచిలోంచి దిగుతుంది. పైకి చేరిన పొగను కిందికి తోస్తుంది. ఆ వేళ గవాచి మీద ఆశ పెట్టుకోవద్దు.

టీ హోటలు, అంగడి, ఆఫీసు

ఇరవై అడుగులకు పన్నెండు అడుగుల టీ హోటల్లో గంటకు ఆరు సిగరెట్లు కాలుతున్నాయనుకోండి. గంటకు సుమారు 72 మిల్లీగ్రాముల కణాలు. గంటకు 340 ఘనపు మీటర్లు లాగే ఫ్యాను నడుస్తుంటే గాలిలో 200 మైక్రోగ్రాములకు పైన నిలిచి ఉంటాయి. దాన్ని 15కు తేవాలంటే గంటకు 4,800 ఘనపు మీటర్లు లాగాలి. 68 ఘనపు మీటర్ల ఆ గది గాలి మొత్తం నిమిషం లోపలే మారాలి. అంత గాలిలో పొయ్యి మంట నిలవదు, టేబుల్ మీద పేపరు నిలవదు. ఇంకో ఫ్యాను పెట్టిస్తాం అనే యజమానులు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

చట్టం కూడా ఇదే చెబుతుంది. కోట్పా అనే 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం కింద 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చిన నియమాల ప్రకారం హోటళ్లు, ఆఫీసులు, సినిమా హాళ్లు, బస్టాండ్లు, ఆసుపత్రుల్లో పొగ తాగకూడదు. జరిమానా 200 రూపాయల దాకా. ఫిర్యాదు వచ్చినా యజమాని పట్టించుకోకపోతే, ఎంతమంది తాగారో అన్ని జరిమానాలూ అతనిమీద పడతాయి. 30 మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ కూర్చునే రెస్టారెంట్లు, 30 గదులున్న హోటళ్లు, విమానాశ్రయాలు మాత్రమే వేరే పొగగది పెట్టుకోవచ్చు. దానికి నాలుగు వైపులా పూర్తి గోడలు, తానే మూసుకునే తలుపు, పొగను నేరుగా బయటికి తోసే ఏర్పాటు ఉండాలి. అది వాకిలి దగ్గర ఉండకూడదు, అందులో టీ, టిఫిన్ ఇవ్వకూడదు. పదిహేను మంది పట్టే మన టీ హోటలుకు ఆ వెసులుబాటు లేదు.

చేయాల్సినవి కొన్నే. వాకిలి దగ్గర 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పున్న తెల్లబోర్డు. దానిమీద కనీసం 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఎర్రటి వలయం, లోపల అడ్డగీతతో సిగరెట్ లేదా బీడీ బొమ్మ. ఇక్కడ పొగ తాగడం నేరమన్న మాట, ఫిర్యాదు ఎవరికి చెప్పాలో ఆ పేరు. అంతస్తులుంటే ప్రతి అంతస్తులో, మెట్ల దగ్గర, లిఫ్టు దగ్గర కూడా. టేబుళ్ల మీద యాష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటరు ఉండకూడదు.

బోర్డు పెట్టినా పొగ వస్తుంటే పక్కనున్న బంకును చూడండి. సిగరెట్ కొన్నవాళ్లు వెలిగించుకునే లైటరు ఎక్కడ వేలాడుతుందో అక్కడే గుంపు నిలబడుతుంది. ఆ లైటరు హోటలు వాకిలి వైపు ఉంటే పొగ లోపలికే. బంకాయనతో మంచిగా మాట్లాడి దాన్ని అవతలి వైపుకు, గాలివాలుకు మార్పిస్తే సగం పని అవుతుంది. టీ గ్లాసులు పెట్టుకునే స్టాండు, నీళ్ల క్యాను కూడా ఆ దూరానికే జరపండి. టీతోపాటు సిగరెట్ తాగేవాళ్లు గ్లాసు పెట్టుకునే చోటున్న దగ్గరే నిలబడతారు. బేతంచెర్ల, తాడిపత్రి బండల ఫ్యాక్టరీ ఆఫీసుల్లో, లారీ ఆఫీసుల్లో కూడా సూత్రం ఇదే: బయట నీడ, కూర్చోడానికి బండ, ఇసుక డబ్బా.

పక్కింటి పొగ

పోర్షన్లలో, అపార్టుమెంట్లలో తాగేది మీ ఇంటివాళ్లు కాకపోవచ్చు. పొగ వచ్చే దారులు మూడు: మెట్లవైపు తలుపు, బాత్రూమ్ డక్టు, పైపులూ కరెంటు గొట్టాలూ దూరిన కన్నాలు. అగరువత్తి పట్టుకొని ఒక్కో చోట చూస్తే దేనిలోంచి గాలి లోపలికి వస్తుందో తెలుస్తుంది. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, కింద బ్రష్ పట్టీ వేయించండి. సింకు కింద, గీజరు వెనక పైపుల కన్నాలు వైట్ సిమెంటుతో గానీ సిలికాన్‌తో గానీ మూయించండి. బాత్రూమ్ ఎగ్జాస్ట్‌కు గాలి వెనక్కి రాకుండా రెక్కల మూత ఉండాలి. లేదంటే ఫ్యాను ఆపగానే డక్టులోని పొగ దిగుతుంది. పొగ వచ్చే వేళల్లో మీ ఎగ్జాస్ట్ ఆపేయండి, అది పక్కింటి పొగను గుంజుతుంది. దానికి బదులు పొగ లేని వైపు కిటికీలో కూలరు పంపు ఆపి ఉత్త ఫ్యానుగా నడిపితే, ఇంట్లో గాలి ఒత్తిడి పెరిగి సందుల్లోంచి పొగ రాదు.

ప్యూరిఫయర్ కొంటే

పొగకు సంబంధించిన సీఏడీఆర్ అంకె చూడండి, యంత్రం గంటకు ఎంత గాలిని శుభ్రం చేస్తుందో అది చెబుతుంది. 34 ఘనపు మీటర్ల గదికి గంటకు 170 ఘనపు మీటర్లు కనీసం, 250 నుంచి 300 ఉంటే తక్కువ వేగంలో చప్పుడు లేకుండా నడుస్తుంది. హెపా ఫిల్టరు కణాలను బాగా పడుతుంది, వాయువులను పట్టదు. లోపలి పల్చటి బొగ్గు పొర కొన్ని వారాల్లో నిండిపోతుంది, కార్బన్ మోనాక్సైడ్‌ను అది అసలే ఆపదు. ఓజోన్ వదిలే యంత్రాలు కొనకండి, ఓజోన్ ఊపిరితిత్తులకు హాని. నల్లరేగడి దుమ్ము, బండల పొడి ఉన్న ఊళ్లలో ముందు జాలీని వారానికోసారి దులపకపోతే ఖరీదైన హెపా త్వరగా పాడవుతుంది.

పట్టిన మరకలు, వాసన

కాల్చడం ఆగిన తర్వాతే ఇది చేయాలి. ముందు చేస్తే నెలలో మళ్లీ మొదటికి వస్తుంది. పరదాలు, దుప్పట్లు, దోమతెర వేడినీళ్లలో రెండుసార్లు ఉతకండి. దూది పరుపు గలీబు మార్చి, దూది ఏకించి కుట్టించండి. ఫోము పరుపుకు పట్టిన వాసన పోదు, మార్చడమే.

ఆయిల్ పెయింటు, ఎమల్షన్ గోడలకు 10 లీటర్ల గోరువెచ్చటి నీళ్లలో 100 గ్రాముల బట్టల సోడా, కాస్త సబ్బుపొడి కలిపి, గ్లవుజులు తొడుక్కొని స్పాంజితో కడగాలి. కిందినుంచి పైకి కడగండి. పైనుంచి మొదలుపెడితే కారిన పసుపు నీళ్లు పొడిగోడ మీద చారలు కడతాయి, అవి పోవు. నీళ్లు పసుపెక్కగానే మార్చి, ఆఖరున మంచినీళ్లతో తుడవాలి. అల్యూమినియం కిటికీలకు సోడా నీళ్లు తగలనివ్వకండి. సున్నం, డిస్టెంపర్ గోడలు కడగడానికి లొంగవు. డిస్టెంపర్ గోడకు పెచ్చులు గీకించి, ముందు ఆయిల్ ప్రైమరు ఒక కోటు, తర్వాత రంగు రెండు కోట్లు. ప్రైమరు లేకుండా వేస్తే పసుపు మరక కొత్త రంగులోంచి మళ్లీ తేలుతుంది. పూర్తిగా సున్నపు గోడ అయితే ఆయిల్ ప్రైమరు వేయకుండా, బాగా గీకి కొత్త సున్నం మూడు పూతలు వేయించడం మేలు.

నేల విషయంలో మన ఇళ్లకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. కడప బండలు, బేతంచెర్ల, తాడిపత్రి బండలు సున్నపురాయి. పొగాకు జిడ్డుకు వెనిగర్, నిమ్మరసం వాడమనే సలహాలు వీటికి పనికిరావు. పుల్లటిది ఏది తగిలినా, బాత్రూమ్ యాసిడ్ సరేసరి, పాలిష్ తిని తెల్లమచ్చలు పడతాయి. సబ్బునీళ్లతో తడిగుడ్డ పెట్టడమే సరైన పద్ధతి. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో చీపురుతో ఊడ్చే ముందే తడిగుడ్డ పెట్టండి. పొగ అంటిన దుమ్ము చీపురుకు లేచి మళ్లీ గాలిలో కలుస్తుంది, నేలమీద మిగిలింది బిడ్డ అరచేతుల్లోంచి నోట్లోకి పోతుంది.

ఫలితం చూడాలనుకుంటే చిన్న పీఎం 2.5 మీటరు ఉపయోగపడుతుంది. బయటి అంకె, లోపలి అంకె ఒకే పూట చూడండి. వంట, తాలింపు, అగరువత్తి, దోమల కాయిల్ ఏవీ లేని వేళ చూడాలి, అవన్నీ అంకెను పెంచేవే. కిటికీలు మూసి ఉండగా లోపలి అంకె బయటికంటే ఎక్కువుంటే ఇంట్లో ఎవరో ఇంకా కాలుస్తున్నారు, లేదా పొగ దారి ఇంకొకటి మిగిలింది. అది రాత్రి పదకొండు తర్వాత మాత్రమే పెరుగుతుంటే ముందు మెట్లవైపు తలుపు పట్టీలు, తర్వాత బాత్రూమ్ డక్టు మూత చూడండి.